‘నువ్వు కూడా’ అనిపించుకున్న రాజకుమారుడు

అనగనగా ఒక రాజుగారు. రాజుగారు లేకపోతే కథే లేదు కాబట్టి ఉన్నారనే అనుకుందాం. ఆయన పేరు కుంతలభూపతి, ఏలే రాజ్యం పొన్నగిరి. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు గుణశేఖరుడు, నడిపివాడు శరభుడు, చిన్నవాడు మకరందుడు. పెద్దవాడి గురించీ చిన్నవాడి గురించీ చెప్పడానికి ఊరంతా ఉంది. మనం నడిపివాడి కథ చెప్పుకుందాం.

ముగ్గురికీ విలువిద్య నేర్పడానికి వజ్రముష్టి అనే గురువుగారు ఉండేవారు. మనిషి మహా కోపిష్టి. “తీరిగ్గా నిలబడి గురి చూస్తే మా ముసలమ్మైనా కొడుతుంది. గురి అక్కర్లేదంటే గబగబా ఎవడైనా వేస్తాడు. గబగబా వేయాలి, గురి తప్పకూడదు. అదీ విద్య!” అనేవారు.

అందుకని రోజూ పొద్దున్నే ఒక సాధన చేయించేవారు. రాతితొట్టెలో నిండా నీళ్లు పోయించి అందులో గడియకుడుకను వదిలేవారు. గడియకుడుక అంటే పెద్ద వింతేమీ కాదర్రా. అరచేతిలో పట్టేంత రాగి గిన్నె, దాని అడుగున సూదిమొనంత చిల్లి. నీళ్లమీద పెడితే చిల్లిలోంచి నీళ్లు ఎక్కి ఎక్కి, కాసేపటికి బుడుంగుమని మునిగిపోతుంది. మునగగానే బంటు జేగంట మీద ఠంగుమని కొడతాడు. ఆ ఠంగు వినపడేలోగా, అల్లంత దూరాన తాళ్లకు వేలాడుతూ ఊగే ఏడు కుండల్నీ ఏడు బాణాలతో పగలగొట్టాలి.

పెద్దవాడు ఊపిరి బిగబట్టి, కుండ ఊగి ఊగి తన సూటిలోకి వచ్చేదాకా ఆగి బాణం వదిలేవాడు. వదిలిన బాణం తప్పేది కాదు. కానీ ఐదు కుండలు పగిలేసరికి ఠంగ్! చిన్నవాడు బాణాలు వేస్తుంటే వేళ్లు కనిపించేవి కావు. కుడుక సగం మునగకముందే అమ్ములపొది ఖాళీ. కానీ రెండు బాణాలు ఎటో పోయేవి. మన శరభుడు అన్నంత నిదానం కాదు, తమ్ముడంత దూకుడు కాదు. ఒక బాణం తప్పేది, ఒక బాణం పొదిలోనే మిగిలిపోయేది. లెక్క చూస్తే అతనివీ ఐదు కుండలే.

మరి ముగ్గురివీ ఐదే అయినప్పుడు ముగ్గురినీ ఒకేలా మెచ్చుకోవాలి కదా? ఎక్కడ మెచ్చుకున్నారు!

“ఓహో గుణశేఖరా, నీ గురికి ఎదురు లేదు!” అనేవారు గురువుగారు. “భళా మకరందా, అది చెయ్యా, మెరుపా!” అనేవారు. తర్వాత, ఏదో ఒకటి అనకపోతే బాగుండదన్నట్టు శరభుడి వైపు తిరిగి, “నువ్వు కూడా బాగానే వేశావు నాయనా” అనేవారు.

కూడా! ఆ మాట శరభుడి చెవిలో జోరీగలా దూరేది. ఇంటికి పోతే అక్కడా అదే. “పెద్దవాడికి ఇష్టమని అరిసెలు చేశాను, చిన్నవాడికి ఇష్టమని కజ్జికాయలు చేశాను, నువ్వు కూడా తినరా” అనేది మహారాణి. సభకు పోతే ఇంకా ఘోరం. పరాయి దేశపు రాయబారి వచ్చినప్పుడు రాజుగారు కొడుకుల్ని చూపించి, “వీడు గుణశేఖరుడు, గురిలో దిట్ట. వీడు మకరందుడు, వేగంలో దిట్ట. ఆఁ... వీడు కూడా మావాడే” అన్నారు. రాయబారి నవ్వాడు. శరభుడికి ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఎలా సహిస్తుంది చెప్పండి? కడుపులో మంట, కళ్లలో మంట. అన్నను ఎవరైనా పొగిడితే కుళ్లుకునేవాడు. తమ్ముణ్ణి ఎవరైనా పొగిడితే ఇంకాస్త కుళ్లుకునేవాడు. వాళ్లు బాణాలు వేస్తున్నంతసేపూ ‘తప్పాలి, తప్పాలి’ అనుకుంటూ కళ్లలో నిప్పులు పోసుకుని చూసేవాడు. అన్న ఊపిరి ఎప్పుడు బిగబడతాడో, తమ్ముడి వేలు అల్లెతాటిని ఎప్పుడు విడుస్తుందో ప్రాణస్నేహితుడికైనా తెలియదు గానీ శరభుడికి తెలుసు. అంత శ్రద్ధగా ఓర్వలేకపోయాడు.

ఇలా కాదనుకుని, అందరూ పడుకున్నాక గాలికి ఊగే మామిడికాయల్ని కొట్టి కొట్టి సాధన చేశాడు. వేళ్లు పుండ్లుపడ్డాయి. ఒకనాడు పొద్దున్న కుడుక మునిగేలోగా శరభుడి ముందు ఆరు కుండలు పగిలాయి. ఆరు! పొన్నగిరిలో అంతవరకు ఎవరూ కొట్టనన్ని. తల తిప్పి చూశాడు. అన్న ఎదుట పెంకులు, తమ్ముడి ఎదుట పెంకులు. ఆ వేళే వాళ్లిద్దరూ చెరి ఆరు కుండలు కొట్టారు! గురువుగారు వాళ్లను వాటేసుకుని మురిసిపోయి, అప్పుడు ఇటు చూసి, “అరె, నువ్వు కూడానా!” అన్నారు.

శరభుడు విల్లు విసిరికొట్టి తోటలోకి పోయాడు. “వీళ్లిద్దరూ లేకపోతే నా బతుకు బాగుపడును!” అన్నాడు పైకే.

ఆ సమయానికి గోడవతల పిట్టలమ్మేవాడు ఒకడు కావడి దించుకుని కూర్చుని ఉన్నాడు. కావడికి అటో పంజరం, ఇటో పంజరం, రెండూ ఖాళీవే. వాడు గోడమీంచి తల పైకెత్తి, “అలాగే బాబూ” అన్నాడు. అని, కావడి భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు.

తెల్లవారి చూస్తే పెద్దవాడి పడక మీద పెద్దవాడు లేడు, ఒక పచ్చని ఈక ఉంది. చిన్నవాడి పడక మీద చిన్నవాడు లేడు, ఒక పచ్చని ఈక ఉంది. భటులు కొండలు వెతికారు, కోనలు వెతికారు, బావులు వెతికారు. ఎక్కడా జాడ లేదు.

ఇక శరభుడికి పండగే కదా అంటారా? అదే తమాషా. ఒక్కడే నిలబడి ఆరు కుండలు కొట్టాడు. గురువుగారు తల ఎత్తలేదు. “గుణశేఖరుడుంటేనా...” అని కళ్లు తుడుచుకున్నారు. ఊళ్లో ఏ అరుగుమీద చూసినా ఆ ఇద్దరి మాటే, ఏ కంట చూసినా ఆ ఇద్దరి కోసం నీళ్లే. శరభుడికి ఒళ్లు మండిపోయింది. ‘ఉన్నన్నాళ్లూ పొగడ్తలు వాళ్లకే, లేనప్పుడు ఏడుపులూ వాళ్లకేనా! నేను పోతే నా కోసం ఇందులో సగమైనా ఏడుస్తారా?’ అనుకున్నాడు. చూశారా, లేనివాళ్ల మీదా అసూయే.

ఆ మధ్యాహ్నం మహారాణి అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది. మూడు ముద్దలు చేసింది. రెండు ముద్దల వైపు చూసి వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత ఎంగిలి చేత్తోనే శరభుడి మణికట్టు పట్టుకుని, “ఒరేయ్ నాయనా, నువ్వు కూడా వెళ్లిపోకురా” అంది.

అదే మాట. కానీ ఈసారి చెవిలో కుట్టలేదు. ఎక్కడో లోపలికి దిగి అక్కడే ఉండిపోయింది. ఆ పచ్చని ఈకలు గుర్తొచ్చాయి, ఖాళీ పంజరాలు గుర్తొచ్చాయి, తోటలో తను అన్న మాట గుర్తొచ్చింది. శరభుడు ముద్ద పక్కన పెట్టి లేచాడు.

“అమ్మా, వెళ్లకపోతే వాళ్లు రారు. తీసుకుని వస్తాను” అని, తల్లి కాళ్లకు మొక్కి, విల్లు తీసుకుని బయల్దేరాడు.

పోగా పోగా ఒక ఊరి పొలిమేరలో చాకిరేవు దగ్గర ఒక గాడిద ఓండ్రపెడుతూ ఏడుస్తోంది.

“ఎందుకేడుస్తున్నావు?” అన్నాడు శరభుడు.

“ఏం చెప్పను బాబూ! బట్టల మూటలు నేను మొయ్యాలి. ఊరేగింపులూ పూలదండలూ మాత్రం గుర్రానికి. అదేం చేసిందని?”

శరభుడు దాని పక్కనే చతికిలపడ్డాడు. “నిజమే! ఆ సకిలింపేమిటి, ఆ తోక ఊపడమేమిటి! వట్టి డాబుసరి జంతువు!” అని గుర్రాన్ని మనసారా తిట్టాడు.

గాడిద కళ్లు మెరిశాయి. “ఇన్నాళ్లూ అందరూ నాకు బుద్ధులు చెప్పారు. తిట్టినవాడివి నువ్వొక్కడివే. నువ్వు వెతికే పంజరాల కావడివాడు సముద్రం వైపే పోయాడు. ఎక్కు నా వీపు మీద” అంది. ఎక్కించుకుని సముద్రపు ఒడ్డున దించింది.

ఒడ్డున ఇంటి పైకప్పంత తాబేలు నిట్టూరుస్తోంది. “చేపలు చూడు బాబూ, మెలికలు తిరుగుతూ ఎంత హాయిగా ఈదుతాయో! నేను మాత్రం ఎక్కడికి పోయినా ఇల్లు మోసుకుని పోవాలి” అంది. శరభుడు చేపల్ని తిట్టాడు. వాటి కంపునూ తిట్టాడు. తాబేలు ఆనందంగా మెడ చాచి, “ఎక్కు. ఆ పంజరాలవాడి దీవి ఎంత దూరమైనా దింపుతా” అంది. ఒక సముద్రం దాటింది, రెండు సముద్రాలు దాటింది, ఏడు సముద్రాలూ దాటి ఒక నల్లరాతి దీవిలో దింపింది.

ఆ దీవిలో ఒక మోడుచెట్టు మీద కాకి కూర్చుని తనలో తనే సణుక్కుంటోంది. “గుడ్డు పొదిగేది నేను, ముక్కుతో మేత పెట్టి పెంచేది నేను, పాటకు పేరు మాత్రం కోయిలకు!”

“ఎంత అన్యాయం! ఆ పాటేమిటి, పొద్దస్తమానం ఒకే కూత!” అన్నాడు శరభుడు. ఈసరికి బాగా ఆరితేరాడు మరి.

కాకి కిందికి దిగింది. “నువ్వు మనవాడివే. విను. మీవాళ్లను ఎత్తుకొచ్చినవాడు జటాఘోరుడనే మాంత్రికుడు. వాడూ ఒకప్పుడు ఒక గురువు దగ్గర శిష్యుడే. తోటి శిష్యుణ్ణి గురువు ఎక్కువ మెచ్చుకున్నాడని, మొట్టమొదట అతన్నే చిలుకను చేశాడు. అప్పటినుంచీ పేరున్నవాళ్లెవరు కనబడినా చిలుకల్ని చేసి తన జామచెట్టు మీద పెట్టుకుంటాడు. వాడి ప్రాణమూ ఆ చిలుకల్లోనే ఒకదానిలో ఉంది. కానీ ప్రాణాన్ని అలా దాచుకునేందుకు వాడు పొందిన వరానికి ఒక మెలిక ఉంది. వచ్చి అడిగినవాడికి ఒక్క బాణం, ఒక్క కుడుకసేపు ఇచ్చి తీరాలి. ఆలోగా ప్రాణమున్న చిలుకను కొడితే వాడు చస్తాడు. వేరే చిలుకను కొడితే పాపం ఆ చిలుక చస్తుంది, కొట్టినవాడు చిలుకవుతాడు. కొట్టకుండా వేళ దాటినా చిలుకే.”

“ఏ చిలుకో నీకు తెలుసా?”

“అది తెలిస్తే నేనింకా ఈ మోడు మీద ఉంటానా?” అంది కాకి.

శరభుడు మాంత్రికుడి వాకిట నిలబడి పిలిచాడు. పిట్టలమ్మేవాడే! కాకపోతే ఈసారి జడలూ ఎముకల దండా ఉన్నాయి. “వచ్చావా బాబూ? నువ్వు కోరిందే కదా చేశాను?” అని పళ్లికిలించాడు. శరభుడు తలదించుకున్నాడు. తర్వాత తలెత్తి, “నా బాణం, నా కుడుకసేపు నాకియ్యి” అన్నాడు.

వాకిట్లో ఒక నీళ్లతొట్టె, ఒక జేగంట. వాటి దగ్గర ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఆమె వెన్నెలకోట రాజుగారి కూతురు మందారవతి. ఒక్కతే బిడ్డ. పెళ్లాడనన్నదని మాంత్రికుడు ఆమెను ఈ గంట దగ్గర కాపలా పెట్టాడు. “నేను గంటను ముందూ కొట్టలేను, వెనకా కొట్టలేను. నా చేతులు వాడి మంత్రంలో ఉన్నాయి” అంది మెల్లగా. “ఇంతకు ముందొచ్చినవాళ్లంతా కుడుక వదలగానే కంగారుపడి కొట్టారు. నువ్వు కంగారుపడకు.” అని కుడుకను నీళ్లమీద వదిలింది.

జామచెట్టు నిండా చిలుకలే. అన్నీ పచ్చవే, అన్నీ ఎర్రముక్కులవే. కొమ్మలు గాలికి ఊగుతున్నాయి, చిలుకలు ఒకదాని మీంచి ఒకటి గెంతుతున్నాయి. ఒక చిలుక మాత్రం కదలకుండా కూర్చుని నిదానంగా జామకాయ గీరుతోంది. ‘మా అన్న!’ అనుకున్నాడు శరభుడు. ఇంకొకటి ఒక కాయ తినడం పూర్తికాకముందే మూడు కాయలు కొరుకుతోంది. ‘మా తమ్ముడు!’ అన్ని రోజులు ఓర్వలేక చూసినవాడికి ఆ మాత్రం తెలియదా? కానీ మాంత్రికుడి చిలుక ఏది?

కుడుక పావువంతు మునిగింది. మాంత్రికుడు నవ్వుతున్నాడు. ‘వాడూ నాలాంటివాడే కదా. నన్నెవరైనా గుర్తుపట్టాలంటే ఏంచేయాలి?’ అనుకున్నాడు శరభుడు. వెంటనే విల్లు దించేసి చెట్టు కిందికి నడిచాడు.

“ఆహా!” అన్నాడు గట్టిగా, అన్న చిలుకను చూపించి. “ఏం నిదానం, ఏం హుందాతనం! చిలుకంటే ఇదీ!” తమ్ముడి చిలుకను చూపించి, “ఓహో, ఏం చురుకుతనం! రెక్కలా, మెరుపులా!” అన్నాడు. మాంత్రికుడి నవ్వు కొంచెం తగ్గింది. కుడుక సగం మునిగింది. శరభుడు మిగతా చెట్టు వైపు చెయ్యి ఊపి, ఏదో ఒకటి అనకపోతే బాగుండదన్నట్టు, అచ్చం వజ్రముష్టి గురువుగారి గొంతుతో అన్నాడు:

“ఆఁ... మిగిలినవి కూడా బాగానే ఉన్నాయి.”

మిగతా చిలుకలు పట్టించుకోలేదు. ఒకటి తోక దులుపుకుంది, ఒకటి ఆవలించింది. కింది కొమ్మమీద ఒక్క చిలుకకు మాత్రం మెడ మీద ఈకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. కళ్లు నిప్పుకణికలయ్యాయి. ఆ చూపు శరభుడికి తెలుసు. ఎన్నో రోజులు అద్దంలో చూసుకున్న చూపే.

“కూడానా!” అని అరిచాడు మాంత్రికుడు, తను ఏమంటున్నాడో తెలియకుండానే. “నా చిలుకను పట్టుకుని ‘కూడా’ అంటావా!”

అని నాలిక కరుచుకున్నాడు. ఆ చిలుక రివ్వున లేచి గుంపులో దూరింది. ఈ కొమ్మ మీంచి ఆ కొమ్మకు, ఆ కొమ్మ మీంచి పై కొమ్మకు. కుడుక అంచు నీటికి సమమైంది. శరభుడు చూపు మరల్చలేదు. అన్న బిగబట్టినట్టు ఊపిరి బిగబట్టాడు. చిలుక రెండు ఆకుల నడుమకు వచ్చేదాకా ఆగాడు. తమ్ముడు విడిచినట్టు వేలు విడిచాడు. బాణం వెళ్లడం ఎవరికీ కనిపించలేదు.

బుడుంగుమంది. ఠంగుమంది. కానీ అప్పటికే చిలుక నేలమీద ఉంది, దాని పక్కనే జటాఘోరుడు కుప్పకూలి ఉన్నాడు.

చెట్టుమీంచి పండ్లు రాలినట్టు మనుషులు రాలారు. ఎవరి దారిన వాళ్లు దండాలు పెట్టి వెళ్లారు. అన్నదమ్ములిద్దరూ పరుగెత్తుకొచ్చి శరభుణ్ణి కావలించుకున్నారు. మంత్రం వీడిన మందారవతితో కలిసి నలుగురూ తాబేలెక్కి ఇంటిదారి పట్టారు.

అన్నదమ్ములు పొగుడుతూనే ఉన్నారు. శరభుడికి ఆ పొగడ్త ముల్లులా గుచ్చుకుంది. ఎన్నాళ్లుగా కోరుకున్నాడో ఆ పొగడ్త! మూడో సముద్రం మధ్యలో ఇక ఆగలేక, “అన్నయ్యా, తమ్ముడూ, మీరిలా కావడానికి నేనే కారణం. మీరు లేకపోతే బాగుండునని నోరారా అన్నాను. మీ గురి చూసి, మీ వేగం చూసి ఓర్వలేకపోయాను” అని తల వంచుకున్నాడు.

తాబేలు ఈదడం ఆపి విన్నది.

గుణశేఖరుడు గొంతు సవరించుకున్నాడు. “నేను ఐదో కుండ దగ్గర ఉండగా నువ్వు ఆరో బాణం తీసేవాడివి. ఆ చప్పుడు వినపడినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోయేదిరా. నేను కూడా అనుకున్నాను, వీడు లేకపోతే బాగుండునని.”

మకరందుడు నీళ్లలోకి చూస్తూ అన్నాడు. “నావి రెండు బాణాలు పోయేవి, నీది ఒకటే పోయేది. రోజూ చూసేవాణ్ణి. నేను కూడా అనుకున్నాను అన్నయ్యా. నా అదృష్టం బాగుండి గోడవతల ఎవరూ లేరు.”

శరభుడు ఒకసారి అన్న వైపు, ఒకసారి తమ్ముడి వైపు చూశాడు. అన్నాళ్లు తనను కుట్టి కుట్టి చంపిన మాట వాళ్లిద్దరి నోటా వినేసరికి అతనికి ముందు ఏడుపొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. ముగ్గురూ నవ్వారు. వాళ్ల నవ్వుకు తాబేలు ఊగి, మందారవతి కాస్తలో సముద్రంలో పడేదే.

పొన్నగిరికి చేరాక మహారాణి మూడు ముద్దలు కలిపి, మొదటి ముద్ద నడిపివాడి నోట పెట్టింది. మందారవతి శరభుణ్ణే చేసుకుంటానంది. పెళ్లికి గాడిదకు పూలదండ వేసి ఊరేగించారు, తాబేలు నీడన భోజనాలు పెట్టారు, కాకి కచేరీ చేసింది. అది ఎంత బాగా పాడిందో అడగకండి. పీటల మీద శరభుడు పెళ్లికూతురి వైపు వంగి, “ముగ్గురం ఇలా అలంకరించుకున్నాం కదా, ఎలా ఉన్నాం మేం?” అని అడిగాడు.

మందారవతి పెదవి బిగబట్టింది. “మీ అన్నగారు చాలా బాగున్నారు. మీ తమ్ముడు చాలా బాగున్నాడు. మీరు కూడా...”

శరభుడు ఫక్కున నవ్వాడు. ఎంత గట్టిగా నవ్వాడంటే పురోహితులు మంత్రం మరిచిపోయారు. లోపల ఎక్కడో చిన్నగా చురుక్కుమంది, అది వేరే సంగతి.

తర్వాత వాళ్లు వెన్నెలకోటను చాలా కాలం చల్లగా ఏలారు. శరభమహారాజు తన రాజ్యంలో ప్రతి ఊళ్లోనూ పిల్లలకు కుండల సాధన పెట్టించాడు. అక్కడి గురువులకు ఒకటే ఆజ్ఞ. ఎవరు ఎన్ని కుండలు కొట్టినా కొట్టకపోయినా, ఒక్కొక్కణ్ణీ పేరుపెట్టి పిలిచి ఒక్కొక్క మాట విడివిడిగా చెప్పాలి.

కథ అయిపోయింది. కంచి దూరం, మంచం దగ్గర, లేవండి. బాగా విన్నావురా బుజ్జిగా. బాగా విన్నావే పొట్టీ. ఏయ్, స్తంభం పక్కన కూర్చున్నదానా, మూతి ముడుచుకోకు. నువ్వు బాగా విన్నావు. చూశావా, ఆ మాట అనలేదు.